సత్తు పడవ

సత్తుగిన్నె గురించి మన ఆడవాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? చింతపండు పులుసు అందులో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి అడుగున తెల్లటి చుక్కలు లేస్తాయి. ఉప్పు పోసి పెడితే కొన్నాళ్ళకి సూదిబెజ్జాలు పడతాయి. చెయ్యి జారితే సొట్ట, సొట్ట తీయబోతే చిల్లు! మా చిన్నప్పుడు "మాట్లేస్తాం... గిన్నెలకి, బిందెలకి మాట్లేస్తాం..." అని వీధిలో కేక వినబడటం తరువాయి, అమ్మ అటకమీంచి అరడజను సామాన్లు దింపించేది. అతను అరుగు పక్కన కూలబడి, చిల్లు చుట్టూ గీకి, రేకుముక్క అతికి, అటూ ఇటూ కొట్టి, చివరికి గిన్నె నిండా నీళ్ళు పోసి పైకెత్తి చూపించేవాడు. చుక్క కారకపోతేనే డబ్బులు. కారితే మళ్ళీ మొదటికి.

ఈ పురాణం ఇప్పుడెందుకంటే, నాకు అరవై నాలుగో ఏట, అమెరికాలో, మిన్నెసోటా అనే మంచు రాజ్యంలో, 14 అడుగుల సత్తుగిన్నె ఒకటి మా ఇంటికి వచ్చింది. గిన్నె అని నేనంటాను. మావారు మాత్రం పడవ అంటారు.

ఈ రాష్ట్రంలో కారు నంబరు పలకల మీదే పదివేల సరస్సులని రాసి ఉంటుంది. అది అతిశయోక్తి కాదు, తగ్గించి చెప్పడం. పదెకరాలు, అంతకు మించినవి లెక్కపెడితే 11,842 తేలాయట. ఇలాంటి చోట ముప్ఫయ్యేళ్ళు పడవ లేకుండా కాపురం చేశామంటే అది నా గొప్పే. ఆయన అడిగినప్పుడల్లా పిల్లవాడి చదువనో, ఇంటి కప్పనో ఏదో ఒక ఖర్చు చూపించి దాటేశాను. తీరా ఆయన రిటైరయ్యారు. పిల్లవాడు టెక్సాస్‌లో స్థిరపడ్డాడు. ఇక చూపించడానికి నా దగ్గర ఖర్చులేవీ మిగల్లేదు.

మావారిది ఆకివీడు. కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషికి నీళ్ళపిచ్చి ఎలా ఉంటుందో ఆ మనిషిని కట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. తాటిదోనె మీద నిలబడి గెడవేసుకుంటూ జమ్ములోంచి, కిక్కిసలోంచి పోవడం, చలికాలం రాగానే ఆకాశం నల్లబడేటట్టు పరజలు దిగడం... నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇవి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వాళ్ళ చిన్నాన్నగారు పరజని కొట్టి తెస్తే వాళ్ళ నాయనమ్మ అల్లం మిరియాలు దట్టించి వండేదట. ఆ తర్వాత చట్టాలు వచ్చాయి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడక్కడ పరజ మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. ఉండకూడదు కూడా. ఉన్న కొల్లేరే సగం చేపల చెరువులైపోయాక వచ్చిన నాలుగు పిట్టలనైనా బతకనివ్వాలి కదా! ఆ సంగతి ఆయనా ఒప్పుకుంటారు. కాని ఆ ఆశ మాత్రం ఆయన మనసులో ఒక మూల అలాగే ఉండిపోయింది.

మా పక్కింటి తాతగారికి 86 ఏళ్ళు. వాళ్ళ పెరట్లో చెట్టుకింద బోర్లించిన పడవ ఒకటి ఇరవై ఏళ్ళుగా ఉంది. 1960ల నాటిది. ఆయనకి మోకాళ్ళు పట్టేశాక దాన్ని తీసినవాళ్ళు లేరు. మావారు ఎన్నాళ్ళుగా దానివంక చూస్తున్నారో, ఒకనాడు ఆయనే "తీసుకుపో, ఊరికే ఇస్తే నీకు మర్యాదగా ఉండదేమో, నూటయాభై డాలర్లియ్యి, లాక్కెళ్ళే బండితో సహా నీదే" అన్నారట. సాయంత్రానికి అది మా కారు షెడ్డు ముందు ఉంది. నా కారు బయటికి, అది లోపలికి!

అన్నట్టు, పడవలు సత్తుతో చెయ్యడమేమిటని నేనూ అడిగాను. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం అల్యూమినియం రేకులు వంచి, రివెట్లు కొట్టి అతకడంలో ఇక్కడివాళ్ళు ఆరితేరారు. యుద్ధం అయిపోయింది. రేకులున్నాయి, పనివాళ్ళున్నారు, విమానాలు అక్కర్లేదు. అప్పుడు గ్రమ్మన్ లాంటి విమానాల కంపెనీలే పడవల పనిలో దిగాయి. మా రాష్ట్రంలోనే న్యూయార్క్ మిల్స్ అని చిన్న ఊరుంది. పేరే న్యూయార్కు, ఊరు మాత్రం మిన్నెసోటా పల్లెటూరు. అక్కడ లుండ్ అనే ఆయన 1940ల చివర్లో బాతుల వేటకని తనకోసం ఒక అల్యూమినియం పడవ చేసుకుంటే, అది చూసినవాళ్ళు మాకూ కావాలన్నారు. ఆ పేరుతో పడవలు ఇప్పటికీ వస్తున్నాయి. చెక్కపడవలా ఇది కుళ్ళదు, ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. బాగుచేసుకోవడం తెలిస్తే మనిషి ఆయుష్షు దాటి ఉంటుంది.

బాగుచేసుకోవడం తెలిస్తేనే సుమండీ!

పడవకి చిల్లులెక్కడో తెలుసుకోవాలంటే నీళ్ళలో వెయ్యాలని మీరనుకుంటారు. కాదు. నీళ్ళే పడవలో వెయ్యాలి! బండి మీద ఉండగానే గొట్టంతో నాలుగంగుళాలు నీళ్ళు పట్టి, కిందకి దూరి, ఎక్కడ చుక్క వేలాడుతుందో చూడాలి. నింపేయకూడదు, నీటి బరువుకి పాత రేకులు సాగుతాయి. మావారు ఇదంతా ఏదో కొత్త విద్యలా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. మాట్లేసే మనిషి గిన్నెలో నీళ్ళుపోసి చూపించింది ఇదే కదా! ఆయన కింద పడుకుని చుక్క కారిన రివెట్టు చుట్టూ ఎర్రటి మైనపు పెన్సిల్‌తో సున్నా చుడుతుంటే నేను దూరం నుంచి లెక్కపెట్టాను. ముప్ఫయ్యొకటి. పడవ పొట్టంతా బొట్లే!

ఇక్కడినుంచి అసలు చిక్కు మొదలైంది. వదులైన రివెట్టుని బిగించడం ఒక్కడి చేతిలో పని కాదు. బయట తలమీద, తలకి సరిపోయే గుంట ఉన్న ఉలి పెట్టి సుత్తితో కొట్టాలి. అదే క్షణంలో లోపల దాని తోకకి బరువైన ఇనపదిమ్మ ఆనించి గట్టిగా పట్టాలి. దెబ్బ బయట పడుతుంటే తోక లోపల దిమ్మకి తగిలి నలిగి, పుట్టగొడుగులా విచ్చుకుని, రేకుని బిగించేస్తుంది. దిమ్మ లేకపోతే ఎంత కొట్టినా అది అటూ ఇటూ ఊగుతుందే గాని బిగియదు. తాతగారి చేతులకి వణుకు. అబ్బాయి ఉన్నది వెయ్యి మైళ్ళ దూరంలో. మావారు నా వంక చూశారు.

"నావల్ల కాదు" అన్నాను.

ఒళ్ళు బద్ధకించి అన్న మాట కాదది. రెండేళ్ళ క్రితం ఆయన గుండెకి స్టెంటు వేశారు. ఈ దేశంలో బాతుల వేటంటే సెప్టెంబరు ఆఖరున మొదలై, నీళ్ళు గడ్డకట్టే దాకా సాగుతుంది. తెల్లవారుజామున, చీకట్లో, చల్లటి నీళ్ళమీద, అరవై తొమ్మిదేళ్ళ మనిషి, యాభై ఏళ్ళు దాటిన సత్తురేకు మధ్యన! అది బాగుపడకుండా షెడ్డులోనే ఉండిపోతే నా పసుపు కుంకాలకి మంచిదని పైకి అనలేదు గాని లోపల అనుకున్నాను. మూడు వారాలు అది అలాగే ఉంది. ఆయన ఏమీ అనలేదు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళి దాన్ని ఒకసారి చేత్తో నిమిరి వస్తూండేవారు. అనకపోవడమే ఎక్కువ బాధ పెడుతుంది, మీకు తెలియనిదేముంది!

నా మనసు మార్చింది పక్కింటి తాతగారు. మార్చాలని చెప్పలేదు పాపం, ఏదో మాటల్లో చెప్పారు. 1940 నవంబరు 11. మొదటి యుద్ధం ఆగిన రోజని దేశమంతా సెలవు. పొద్దున్న ఆ నెలకి వింతగా వెచ్చగా ఉంది. జనం పల్చటి చొక్కాలతోనే బాతుల వేటకి పోయారు. కాస్సేపటికి గాలి తిరిగింది. వాన, ఆ వెంటనే మంచు, పడవలు నిలవలేనంత అలలు. ఆ తుపానులో ఒక్క మిన్నెసోటాలోనే 49 మంది పోయారు. అందులో సగం మంది వేటగాళ్ళే. మిసిసిపీ నది లంకల్లో చిక్కుకుని, పడవలు బోర్లించి వాటికింద దూరి ఆ రాత్రి గడిపిన వాళ్ళు కొందరు బతికి బయటపడ్డారు. తాతగారి తండ్రి అలా బతికిన వారిలో ఒకరు. తాతగారికి అప్పుడు ఏడాది. ఆ రాత్రి సంగతి పెద్దయ్యాక తల్లి చెప్పగా విన్నారు. "మా అమ్మ ఎప్పుడూ ఒక్కటే మాట అనేది. ఆ పడవ గట్టిదో కాదో కూడా తనకి తెలియదని. ఇంటి వెనకే ఉన్నా ఎప్పుడూ ముట్టుకుని చూడలేదని."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఈ పడవ కాకపోతే ఇంకో పడవ. మా ఆయన పోక మానరు. ఎవరో బిగించిన రివెట్ల మీద పోతారు. అవి బిగిశాయో లేదో ఇంట్లో కూర్చున్న నాకెలా తెలుస్తుంది?

మర్నాడు పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని, కొంగు గొడవ లేకుండా చున్నీ నడుముకి బిగించి, షెడ్డులోకి వెళ్ళి పడవలో కూర్చున్నాను. "ఏదీ ఆ దిమ్మ ఇలా ఇవ్వండి" అన్నాను. ఆయన చెయ్యి కాఫీ గ్లాసుతో అలాగే ఆగిపోయింది.

దిమ్మ పట్టడం చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. తోకకి తిన్నగా ఆనించాలి. వెంట్రుకవాసి వాలినా తోక ఓ పక్కకి పడుకుంటుంది, అది తీసేసి కొత్త రివెట్టు వెయ్యాల్సిందే. మెత్తగా పడితే దెబ్బ చెయ్యిలోకి వస్తుంది. మరీ అదిమితే రేకు బయటికి ఉబ్బుతుంది. కొడుతున్న మనిషి నాకు కనబడడు. పట్టుకున్న నేను ఆయనకి కనబడను. మధ్య రేకు. చప్పుడులో మాట వినబడదు. అందుకని తట్టి చెప్పుకోవడం మొదలుపెట్టాం. నేను ఒకసారి తడితే ఇంకా కొట్టమని, రెండుసార్లు తడితే చాలని. నలభై ఏళ్ళ కాపురంలో నేను చాలంటే ఆయన వెంటనే ఆపేసింది అక్కడేనేమో!

ఇలా తట్టి చెప్పుకోవడం మేమేదో కనిపెట్టామనుకున్నాను. యుద్ధకాలంలో విమానాల ఫాక్టరీల్లో రివెట్లు కొట్టే జంటలూ ఇలాగే తట్టుకునేవాళ్ళట. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే. మగవాళ్ళంతా యుద్ధానికి పోతే ఇళ్ళలోంచి వచ్చి ఈ పని నేర్చుకున్నారు. రివెట్లు కొట్టే రోజీ అని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. నార్మన్ రాక్‌వెల్ 1943లో ఒక వారపత్రిక ముఖచిత్రంగా ఆమె బొమ్మ వేశాడు. కండలు తిరిగిన చేతులు, ఒళ్ళో రివెట్లు కొట్టే యంత్రం, చేతిలో రొట్టె. బాగుంటుంది. కాని బొమ్మలో రోజీ ఒక్కతే ఉంటుంది. రేకు అవతల ఇనపదిమ్మ పట్టుకుని కూర్చున్న మనిషిని ఎవరూ వెయ్యలేదు. ఈ ముక్క నేను మావారితో అంటే, "నిన్ను నేను ఫోటో తీస్తాలేవోయ్" అన్నారు. తీశారు. తల చెదిరి, ముక్కుకి నల్లటి మసి. అది మాత్రం మీకు చూపించను.

ముప్ఫయ్యొక్క రివెట్లకి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాతి పనులు చకచకా అయిపోయాయి. మోటారు తగిలించే వెనక పలక ప్లైవుడ్డు. విప్పితే నానిన అటుకుల్లా చేతికొచ్చింది. కొత్తది కోసి, ఎపాక్సీ మూడు పూతలు పూశాం. చెదపట్టకుండా మందు పెట్టిన చెక్క చవగ్గా దొరుకుతుంది గాని అది వాడకూడదు. ఆ మందులో రాగి ఉంటుంది. రాగి, సత్తు తడిలో ఒకదాన్నొకటి అంటుకుని ఉంటే రాగికేం కాదు, సత్తే తినేసుకుపోతుంది. పడవలో ఒక రాగినాణెం పడేసి మర్చిపోతే అదే చిల్లు పెడుతుందంటారు ఇక్కడ. గంగపూజకని నేను తీసిపెట్టిన రాగిచెంబు ఆ మాటతో మళ్ళీ దేవుడిగదిలోకి వెళ్ళిపోయింది. కూర్చునే బల్లల కింద నురగపలకలు ఉంటాయి, పడవ మునిగినా తేలడానికి. ఇన్నేళ్ళకి అవి నీళ్ళు పీల్చి రాయిలా ఉన్నాయి. అందులో ఎలుకల కాపురం! కొత్తవి వేశాం.

రంగు దగ్గర మాత్రం నాకు సరదా వేసింది. వట్టి సత్తుమీద రంగు నిలవదు, పొరలు పొరలుగా లేచిపోతుంది. ముందు వెనిగరుతో కడిగి, పైన ఆమ్లం కలిసిన ప్రత్యేకమైన పూత వెయ్యాలి. అది రేకుని సన్నగా కొరికి గరుకు చేస్తే అప్పుడు రంగు పట్టుకుంటుంది. పులుపు సత్తుని కొరుకుతుందని అమ్మ ఎన్నిసార్లు కసిరిందో! పులుసుకి దోషమైన గుణమే రంగుకి ఆధారమైంది.

ఏం రంగు వేద్దామంటే నేను నీలం అన్నాను. బాతులకి కళ్ళు మహా చురుకట. రేకు తళుక్కుమంటే చాలు, పక్కకి తిరిగిపోతాయి. ఎండిన జమ్ము రంగు, అదీ మెరుపు లేనిది వెయ్యాలి. డబ్బా మూత తీసి చూసి మావారు కాస్సేపు మాట్లాడలేదు. "ఇది మా కిక్కిస రంగేనోయ్" అన్నారు.

ఇంకొకటి. సత్తుసామాను చప్పుడు సంగతి తెలుసుగా! వంటింట్లో గరిటె జారిపడితే వీధిగుమ్మానికి వినబడుతుంది. నీళ్ళమీద ఇంకా దూరం పోతుంది. అందుకని పడవ అడుగంతా రబ్బరు చాపలు పరిచాం. ఆ చాపలు కత్తిరించింది నేనే, జాకెట్టు కత్తిరించినట్టు కాగితం కొలతలు తీసి.

పడవ సిద్ధమయ్యాక నేను మూడు షరతులు పెట్టాను. ఒడ్డు దాటినప్పటినుంచీ ఒంటిమీద లైఫ్‌జాకెట్ ఉండాలి, పక్కన పెట్టుకోవడం కాదు. పడవలో నిలబడకూడదు, దోనె కాదిది. ఒంటరిగా పోకూడదు. చల్లటి నీళ్ళలో పడ్డవాళ్ళ గురించి ఇక్కడ ఒక లెక్క చెబుతారు: ఊపిరి ఎగపోయకుండా నిలదొక్కుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ చెప్పినమాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పేలోపు ఒక గంట. ఈదడం వచ్చినవాళ్ళకి కూడా ఇదే లెక్క. ఆ గంటయినా జాకెట్ ఉంటేనే. "ఒంటరిగా కాకపోతే ఎవరితో పోను?" అన్నారు. ఎవరితో పోతారు మరి!

జూలైలో నీళ్ళలోకి దింపాం. నేను చేతిలో టార్చిలైటు పట్టుకుని బల్లల కింద చూస్తూనే ఉన్నాను. గంటసేపు పొడి. తర్వాత ముందు పక్క కమ్మీ కింద, దిమ్మ దూరని సందులో ఉన్న ఒక్క రివెట్టు దగ్గర తడి కనబడింది. పూటకి గ్లాసెడు నీళ్ళు. అది తోడడానికి మా అమ్మ ఇచ్చిన సత్తు తపేలా ఒకటి అందులో పెట్టాను. వేసవంతా చేపలే. అరచెయ్యంత సన్‌ఫిష్ మన చందువా మాదిరి గుండ్రంగా ఉంటుంది, వేపుడికి బాగుంటుంది. వాలై అనే చేప ఉంది, మెత్తటి తెల్లటి కండ, ముల్లు తక్కువ. పులుసుకి దాన్ని మించింది లేదు. పులుసు మట్టికుండలో, సత్తుగిన్నెలో కాదు!

వేట గురించి నా మాట నాకుంది. చేప గాలానికి పడితే ఏమీ అనిపించని నాకు, ఎగిరే పిట్ట రెక్క ముడిచి పడిపోవడం చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఇందులో న్యాయం ఏమిటని మావారు అడుగుతారు, నా దగ్గర జవాబు లేదు. అయితే ఇక్కడ కట్టుబాట్లు గట్టివి. రోజుకి ఇన్నే అని లెక్క. సీసపు గుళ్ళు తిని పక్షులు చస్తున్నాయని 1991 నుంచి దేశమంతటా నీటిపక్షుల వేటలో సీసం మానిపించారు. వేటగాడు ఏటేటా పాతిక డాలర్లు పెట్టి బాతుబొమ్మ స్టాంపు ఒకటి కొనాలి. 1934లో మొదలుపెట్టిన ఆ స్టాంపు డబ్బు దాదాపు అంతా పక్షులుండే చిత్తడినేలలు కొనడానికే పోతుంది. కొల్లేటికి అలాంటి స్టాంపు ఒకటి ఉండి ఉంటే, అనిపించింది నాకు. వేటకి కాదు, నేలకి.

మొదటిరోజు సూర్యోదయానికి అరగంట ముందు జమ్ములో పడవ నిలిపి కూర్చున్నాం. ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో ఉప్మా. మంచు నీళ్ళమీద పాలలా పరుచుకుంది. రెక్కల చప్పుడు ముందు వినబడింది. నీలిరెక్కల పరజలు, మన కొల్లేటికి చలికాలం వచ్చేవాటికి పెత్తల్లి బిడ్డలు. మావారు ఆరుసార్లు కాల్చారు. ఒక్కటి పడింది. అది వండానా అంటే వండాను, అల్లం మిరియాలతో, ఆయన నాయనమ్మ చేసినట్టు. నేను తినలేదు. తాతగారికి గిన్నెలో పెట్టి పంపితే, ఖాళీ గిన్నెతో తనే వచ్చి, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వంగలేక వంగి పొట్టకింద చెయ్యి పెట్టి తడిమి చూసుకుని వెళ్ళారు.

ఇప్పుడు మంచుకాలం. పడవ షెడ్డులో బోర్లించి ఉంది. ఇక్కడి సరస్సుల్లోని పాడు నత్తలు ఒకచోటినుంచి ఇంకోచోటికి పాకకుండా, పడవని రోడ్డుమీద లాక్కెళ్ళేటప్పుడు అడుగున నీళ్ళుపోయే బెజ్జానికి బిరడా తీసేసి ఉంచాలని చట్టం ఉంది. మంచి చట్టం. వేలెడంత బిరడా అది. అది లేకుండా పడవ పది నిమిషాలు కూడా నిలవదు. మావారు దాన్ని సామాన్ల పెట్టెలో పడేస్తుంటే తీసి, దారం కట్టి, మా వంటింట్లో పోపులడబ్బా పక్కన మేకుకి తగిలించాను. అక్కడే ఉంది. ఆయన ఎప్పుడు నీళ్ళమీదికి పోదామన్నా ముందు నన్ను అడగాలి.